పదిహేనేళ్ల అమ్మాయిలో అసలు మనిషి ఎవరు?

మీ ప్రశ్నను రెండు మూడు సార్లు చదివాను. మీ అమ్మాయికి పదిహేనేళ్లు. ఆరు నెలల క్రితం కొత్త స్నేహితురాలు ఒకరు పరిచయమైనప్పటి నుంచి మాటతీరు మారింది, చేతిరాత మారింది, ఎనిమిదేళ్లుగా నేర్చుకుంటున్న సంగీతాన్ని ఒక్కరోజులో మానేసింది. ఇంట్లో అడిగినదానికి ముక్తసరిగా బదులిచ్చే పిల్ల, అదే గదిలో ఫోనెత్తగానే గలగలా నవ్వుతోంది. ఆమె లేనప్పుడు మీరు నోటుపుస్తకం తెరిచి చూశారు. చివరి పేజీల నిండా తన పేరునే ఇరవై రకాల సంతకాలుగా రాసుకుంది, ఒక మూల "ఇంట్లో నేను నేను కాదు" అని రాసి ఉంది. వీటిలో ఏది అసలు మా అమ్మాయి, ఆ స్నేహం మాన్పించాలా, ఫోన్ తనిఖీ చేయాలా అని మీరు అడిగారు.

ఇరవై రెండేళ్లుగా ఈ వయసు పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీ మూడు ప్రశ్నల్లో మొదటిదే పెద్దది. అది తేలితే తక్కిన రెండింటికీ దారి కనిపిస్తుంది కాబట్టి దానిమీదే ఎక్కువసేపు నిలబడతాను.

"ఏది అసలు" అని అడిగినప్పుడు ఒకటి అసలనీ, తక్కినవి నకిలీలనీ మనం ముందే ఒప్పేసుకుంటున్నాం. పదిహేనేళ్ల వయసులో సంగతి అలా ఉండదు. సుసాన్ హార్టర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, తల్లిదండ్రుల దగ్గర, స్నేహితుల దగ్గర, తరగతిలో తాము ఎలా ఉంటామో కౌమారంలో ఉన్న పిల్లల చేతనే చెప్పించారు. 1992లో వెలువడిన ఆ అధ్యయనంలో ఏడు, తొమ్మిది, పదకొండు తరగతుల పిల్లలు పాల్గొన్నారు. తనలోని లక్షణాలు ఒకదానికొకటి పొసగడం లేదన్న బాధ ఏడో తరగతి పిల్లల్లో తక్కువగా ఉంది, తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బాగా పెరిగింది, ఆ తర్వాత కొంత నెమ్మదించింది. అంటే దాదాపు మీ అమ్మాయి వయసులోనే ఈ తాకిడి ఎక్కువ.

దీనికి కారణం ప్రవర్తనలో కన్నా ఆలోచనాశక్తిలో వచ్చిన మార్పులో ఉంది. పదకొండేళ్ల పిల్ల కూడా ఇంట్లో ఒకలా, ఆటస్థలంలో ఒకలా ఉంటుంది, కానీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోదు. పద్నాలుగు, పదిహేనేళ్లకు అలా పోల్చి చూసుకునే శక్తి వస్తుంది. "స్నేహితులతో ఇంత మాట్లాడే నేను అమ్మ ముందు ఎందుకు మూగనవుతున్నాను?" అన్న ప్రశ్న అప్పుడు మొదటిసారి పుడుతుంది. అయితే ఆ రెండు ముఖాలనూ ఒకే వివరణలోకి తెచ్చుకునే శక్తి ఇంకా రాదు. పెద్దవాళ్లం "నాకు చనువున్నచోట మాట వస్తుంది, లేనిచోట ఆచితూచి మాట్లాడతాను" అని చెప్పుకొని ఊరుకుంటాం. ఆ ఒక్క వాక్యం అందుబాటులోకి రావడానికి పిల్లలకు మరో రెండు మూడేళ్లు పడుతుంది. తేడా కనిపిస్తూ, దానికి సమాధానం దొరకకుండా గడిచే ఆ మధ్యకాలంలోనే "నేను నేను కాదు" వంటి మాటలు నోటుపుస్తకాల్లోకి వస్తాయి. ఆ వాక్యం రాయడానికి తనను తాను బయటినుంచి చూసుకోగలగాలి. మీ అమ్మాయికి అది చేతనైందని ఆ పేజీ మీకు చెబుతోంది.

అయితే ఆ వాక్యాన్ని పూర్తిగా వయసు ఖాతాలో వేసి మిమ్మల్ని ఊరడించడం నిజాయితీ కాదు. హార్టర్ బృందం మరొకటి కూడా గమనించింది. ఫలానా విధంగా ఉంటేనే ఆదరణ, లేకపోతే లేదు అని అనిపించిన చోట పిల్లలు తమది కాని ముఖం పెట్టుకోవడం ఎక్కువగా కనిపించింది. కాబట్టి మీ ఇంట్లో ఆమెకు దొరికే ప్రేమలో ఎంత భాగం మార్కులకూ, మాట వినడానికీ, సంగీతానికీ ముడిపడి ఉందని ఆమెకు అనిపిస్తోందో ఒకసారి ఆలోచించండి. మీరు ఎంత ప్రేమిస్తున్నారన్నది వేరే సంగతి, దానిలో నాకు సందేహం లేదు. ఆమెకు ఏమనిపిస్తోందన్నదే ఇక్కడ లెక్కకు వస్తుంది.

ఆ సంతకాల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు వాటిని చూసి భయపడ్డారు. ఈ వయసులో పేరును రకరకాలుగా రాసి చూసుకోవడం నేను ఎన్నో పుస్తకాల్లో చూశాను. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు లేకుండా, ఒక అక్షరం తోకను పేరంతటి కిందికీ గీతలా లాగి. "గుర్తింపు సంక్షోభం" అన్న మాటకు ప్రాచుర్యం తెచ్చిన ఎరిక్ ఎరిక్సన్ జీవితంలో కూడా పేరు చిన్న విషయం కాదు. 1902లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఆయనకు కన్నతండ్రి ఎవరో ఎన్నడూ తెలియలేదు. సవతితండ్రి ఇంటిపేరు హోంబర్గర్‌తో పెరిగి, 1939లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు తన ఇంటిపేరును ఎరిక్సన్‌గా తానే నిర్ణయించుకున్నారు. మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించిన 1950 నాటి గ్రంథంలో కౌమారానికి ఆయన ఇచ్చిన పేరును మన బోధనాశాస్త్ర పుస్తకాలు "పాత్ర గుర్తింపు, పాత్ర సందిగ్ధం" అని రాస్తాయి. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారందరూ పరీక్ష కోసం దీన్ని చదివే ఉంటారు. దానిలో తరచు జారిపోయే అంశం ఒకటుంది. ఎరిక్సన్ దృష్టిలో సంక్షోభం అంటే ఆపద కాదు, మలుపు. ఆ మలుపులో పిల్లలకు కొంత గడువు కావాలని, ఒక పాత్రను వేసి చూసి, నచ్చకపోతే శాశ్వత నష్టం లేకుండా తీసేసే వీలుండాలని ఆయన వాదించారు.

నేను మీకు చెప్పదలచినది కూడా ఇదే. ఇంట్లో మీరు కాపాడవలసింది ఆమె పాత రూపాన్ని కాదు, వేసి చూసిన రూపాన్ని సిగ్గుపడకుండా వెనక్కి తీసుకునే అవకాశాన్ని.

సంగీతం మానేసిన విషయం ఇక్కడికే వస్తుంది. ఎరిక్సన్ ఆలోచనను జేమ్స్ మార్సియా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో పరిశోధనకు అనువుగా మలిచారు. ఆయన రెండే ప్రశ్నలు వేసుకున్నారు: ఈ యువకుడు వేర్వేరు దారులను పరిశీలించి చూశాడా, ఏదైనా ఒకదానికి కట్టుబడ్డాడా? రెండూ చేసినవారు ఉంటారు, రెండూ చేయనివారు ఉంటారు, ఇంకా వెతుకుతూ ఎక్కడా కుదురుకోనివారు ఉంటారు. నాలుగోరకం వారు దేన్నీ పరిశీలించకుండానే, పెద్దలు అందించిన దానికి కట్టుబడిపోతారు. తల్లిదండ్రులకు ఎక్కువ ఊరటనిచ్చేది ఈ నాలుగో రకమే, నాకు ఎక్కువ దిగులు పుట్టించేదీ ఇదే.

పదిహేడేళ్ల అబ్బాయి ఒకడు చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి వచ్చాడు. ఐదేళ్ల వయసు నుంచీ అతను ఏమవుతాడో ఇంట్లో అందరికీ తెలుసు. అతనికీ తెలుసు. ఎవరితోనూ ఏ పేచీ లేదు, తరగతిలో మొదటివాడు. ఒకరోజు పుస్తకం తెరవడం మానేశాడు, ఎందుకో చెప్పలేకపోయాడు. "ఎవరూ ఏమీ అడగని గంట ఒకటి నీకు దొరికితే ఏం చేస్తావు?" అని అడిగాను. చాలాసేపు నా ముఖంలోకి చూసి, "అంటే ఏ సబ్జెక్టు సార్?" అన్నాడు. ఆ ప్రశ్న అతను మనస్ఫూర్తిగా అడిగాడు, అందుకే నాకు ఇప్పటికీ గుర్తుంది. అతనికి పన్నెండేళ్లప్పుడో పద్నాలుగేళ్లప్పుడో ఏదో ఒకటి వద్దని మొండికేసే సందర్భం వచ్చి ఉంటే, ఆ ఇంట్లో ఒక నెల గొడవ జరిగి ఉండేది, పదిహేడేళ్లకు ఇంత మూల్యం పడేది కాదు.

మీ అమ్మాయి ఎనిమిదేళ్ల సంగీతాన్ని వద్దనడం ఆమె చేసిన మొదటి పరిశీలన కావచ్చు. సంగీతం నిజంగా ఆమెదా, మీరు పెట్టినదా అన్నది వదిలి చూస్తేనే ఆమెకు తెలుస్తుంది. అలా వదిలిన పిల్లల్లో కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు. తిరిగి రావాలనుకున్నవారిని కూడా రానివ్వకుండా చేసే మాట ఒకటి ఉంది, "చూశావా, నేను అప్పుడే చెప్పాను" అన్నది. తంబూర శ్రుతిపెట్టెను ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచండి. దాని గురించి మాట్లాడకండి.

ఇక స్నేహితురాలి సంగతి. ఆ అమ్మాయే మీ అమ్మాయిని మార్చేసిందని మీ నమ్మకం. డెనీస్ కాండెల్ అనే సమాజశాస్త్రవేత్త 1978లో ప్రచురించిన అధ్యయనంలో స్నేహితుల జంటలను ఒక విద్యా సంవత్సరం పొడవునా గమనించారు. స్నేహితులు ఒకేలా ఉండటానికి ఒకరి ప్రభావం ఒకరిపై పడటం ఎంత కారణమో, ముందే తమలాంటివారిని ఎంచుకోవడం కూడా ఇంచుమించు అంతే కారణమని తేలింది. కాబట్టి "ఆమె మా పిల్లను పాడు చేసింది" అన్నది, నిజమైనా సగమే నిజం. తక్కిన సగం ఏమిటంటే, మీ అమ్మాయిలో మీరు ఇంకా చూడని దేన్నో ఆ అమ్మాయి ముందు చూసింది, లేదా చూసినట్టు మీ అమ్మాయికి అనిపించింది. అదేమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి మీకు కలిగితే ఈ ఆరు నెలల్లో మీకు అన్నిటికన్నా పనికొచ్చే సమాచారం అదే అవుతుంది.

చేతిరాతను అనుకరించడం నాకు పెద్దగా కలవరం కలిగించదు. ఈ వయసులో పిల్లలు తమను ఎప్పుడూ ఎవరో చూస్తున్నారన్న భావనలో బతుకుతారు. డేవిడ్ ఎల్కిండ్ 1967లో దీనికి "ఊహాజనిత ప్రేక్షకులు" అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. మనం పట్టించుకోని మొటిమ, మనకు వినిపించని గొంతు వణుకు వారికి వేదిక మీద జరిగిన పొరపాటంత పెద్దవిగా కనిపిస్తాయి. అంతమంది చూస్తున్నారనుకున్నప్పుడు, ధైర్యంగా నిలబడగలిగిన మరొకరి అక్షరాలనూ ఉచ్చారణనూ కొన్నాళ్లు అరువు తెచ్చుకోవడం సహజం. ఆ అరువు చాలావరకు తీరిపోతుంది. వంపు తిరిగిన ఆ అక్షరాల్లో కొన్ని ఆమెవిగానే మిగిలిపోతాయి. మనందరి చేతిరాతలోనూ ఎవరో ఒకరి అక్షరం ఉండే ఉంటుంది.

సమవయస్కుల ప్రభావంలో నిజంగా జాగ్రత్త పడవలసిన భాగం వేరే ఉంది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 306 మంది చేత కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. పసుపుదీపం వెలిగాక ఎంతదూరం పోవచ్చో ఆటగాడే నిర్ణయించుకోవాలి. ఒంటరిగా ఆడినప్పుడు మూడు వయోవర్గాలూ దాదాపు ఒకేలా ప్రవర్తించాయి. ఈడువారు పక్కన ఉండగా ఆడినప్పుడు 24 ఏళ్లు దాటినవారిలో పెద్ద మార్పు లేదు, 13 నుంచి 16 ఏళ్ల వారు మాత్రం ఎంతో ఎక్కువ తెగింపు చూపారు. ప్రమాదం తెలియకపోవడం వల్ల ఇలా జరగదు. తోటివారు చూస్తున్నప్పుడు ఈ వయసు మెదడు లాభాన్ని ఎక్కువ బరువుతో తూస్తుంది. అందువల్ల "ఎందుకు చేశావు, నీకు తెలియదా?" అని అడగడం వ్యర్థం. ఆమెకు తెలుసు. ఎవరు, ఎక్కడ, ఏ సమయంలో, ఎంతమందితో అన్న విషయాల్లో మీరు నియమాలు పెట్టండి. ఎవరి వాహనం ఎక్కకూడదు, ఎన్నింటికి ఇల్లు చేరాలి, చేరలేకపోతే ఏ వేళకైనా మీకు ఫోన్ చేస్తే ప్రశ్నలు తర్వాత అడిగి ముందు వచ్చి తీసుకెళతారన్న మాట, ఇవి ఉపన్యాసాల కన్నా ఎక్కువ పనిచేస్తాయి.

స్నేహం మాన్పించవద్దు. ఇది నా అనుభవం మాత్రమే కాదు. నెదర్లాండ్స్‌లో కౌమార వయస్కులను కొన్నేళ్లపాటు గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రులు నిషేధించిన కొద్దీ పిల్లలు తప్పుదారి పట్టిన స్నేహితులతో తిరగడం తగ్గలేదు సరికదా, పెరిగినట్టు కనిపించింది. నిషేధించినప్పుడు ఆ స్నేహితురాలు మీ అమ్మాయికి స్నేహితురాలిగా మిగలదు, స్వేచ్ఛకు గుర్తుగా మారుతుంది. ఆ తర్వాత ఆ అమ్మాయితో నిజంగా విసుగు పుట్టినా మీ ముందు ఒప్పుకోలేదు. ఆమెను ఇంటికి పిలవండి. వచ్చినప్పుడు ప్రశ్నలు గుప్పించకుండా మామూలుగా ఉండండి. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు పక్కగదిలోంచి వినిపించే నవ్వు మీకు చాలా చెబుతుంది.

ఒక్క విషయం మాత్రం గమనిస్తూ ఉండండి. ఆ స్నేహంలో నవ్వు ఉందని మీరే రాశారు, అది మంచి గుర్తు. ఇద్దరూ కలిసి గంటల తరబడి ఒకే బాధను మళ్లీ మళ్లీ తవ్వుకునే స్నేహాలు కొన్ని ఉంటాయి. అమాండా రోజ్ 2002లో వీటిపై రాసిన పరిశోధనలో, ఇలాంటి మాటల వల్ల సాన్నిహిత్యం పెరుగుతుందని, దానితోపాటే దిగులూ ఆందోళనా ఎక్కువగా ఉంటున్నాయని, అమ్మాయిల్లో ఈ అలవాటు అధికమని చూపారు. అలా కనిపిస్తే మాట్లాడవద్దని అనకుండా, ఇద్దరికీ కలిసి చేసే పని ఏదైనా కల్పించడం మేలు.

ఫోన్ తనిఖీ గురించి. హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో స్వీడన్‌లోని 703 మంది పద్నాలుగేళ్ల పిల్లలు, వారి తల్లిదండ్రులతో చేసిన అధ్యయనం మా వృత్తిలో ఒక పాత నమ్మకాన్ని కదిలించింది. పిల్లల గురించి ఎక్కువ తెలిసిన తల్లిదండ్రులకు పిల్లలతో సమస్యలు తక్కువని అంతకుముందే తెలుసు, అందువల్ల "నిఘా పెట్టండి" అని అందరం చెబుతూ వచ్చాం. ఆ తెలియడం ఎక్కడి నుంచి వస్తోందని వీరు వెతికితే, ఆరాల నుంచి, నియంత్రణ నుంచి వచ్చినది కొంతే. అత్యధిక భాగం పిల్లలు తమంతట తాము చెప్పినదే. ఫోన్‌లో మీరు చదివే పది సందేశాలు ఆమె రేపు చెప్పబోయే పదకొండో విషయానికి తలుపు వేస్తాయి. అపరిచితులైన పెద్దవారెవరో ఆమెతో రహస్యంగా మాట్లాడుతున్నారనో, ఎవరో బెదిరిస్తున్నారనో, తనను తాను గాయపరచుకుంటోందనో మీకు నిజమైన ఆధారం కనిపిస్తే సంకోచించకండి, చూడండి, కానీ చూస్తున్నానని ఆమెకు చెప్పి చూడండి.

సహాయం ఎప్పుడు తీసుకోవాలో కూడా చెబుతాను. స్నేహితులు మారడం మామూలే, స్నేహితులందరినీ వదిలేయడం మామూలు కాదు. ఒక అభిరుచిని మానడం మామూలే, దేనిలోనూ ఇష్టం లేకపోవడం కాదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి తప్పినా, చేతులను ఎప్పుడూ కప్పుకొని తిరుగుతున్నా, చావు గురించి మాట్లాడినా మానసిక వైద్యులను కలవండి. ఆ ఆలోచన ఉందా అని ఆమెను సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అనవసరం. మీరు రాసినదాన్ని బట్టి ప్రస్తుతం అలాంటి సూచనలు నాకు కనిపించడం లేదు.

చివరగా, మీరు అడగకపోయినా మీ ఉత్తరంలో ఉన్న ప్రశ్న ఒకటి, ఆ నోటుపుస్తకం గురించి. చదివారని ఆమెకు చెప్పండి. ఆ వాక్యం మనసులో పెట్టుకుని మీరు ఇప్పటికే కొంచెం వేరుగా మాట్లాడుతూ ఉంటారు, పిల్లలు దాన్ని పసిగడతారు. ఇద్దరూ పక్కపక్కన ఉండి ముఖాముఖి చూసుకోనవసరం లేని సమయం, ప్రయాణంలోనో నడకలోనో, ఎంచుకోండి. "నీ పుస్తకం నీకు చెప్పకుండా చూశాను, అది తప్పు, ఇక చూడను" అన్నంతవరకే చెప్పండి. "నీ గురించి భయపడి చూశాను" అని దానికి తోక తగిలించకండి, అప్పుడు క్షమాపణ ఆమె మీద నేరారోపణ అవుతుంది. ఆ వాక్యానికి అర్థం అడగకండి. ఆమె కోపం తెచ్చుకుంటుంది. రెండు మూడు వారాలు మాట్లాడకపోయినా పోనివ్వండి, మీ వేళకు మీరు మామూలుగా పలకరిస్తూ ఉండండి. ఎప్పుడో ఒకరోజు, మీరు వేరే పనిలో ఉన్నప్పుడు, వాకిట్లో నిలబడి అసలు సంబంధం లేని ఏదో విషయం మొదలుపెడుతుంది. చేతిలో పని ఆపకుండానే వినండి.